తిరగలిగుట్ట మీద ప్రభువు బల్ల

ప్రకాశం జిల్లా మెట్టలో, రాళ్ళవాగుకు ఆవల, నూట పన్నెండు మెట్లు ఎక్కితే తిరగలిగుట్ట మందిరం వస్తుంది. మొదటిసారి వచ్చినవారందరూ లోపల మోకరించి, లేచి, అటూ ఇటూ చూసి అడిగేది ఒకటే. గోడలున్నాయి, పైకప్పుంది, సిలువ ఉంది, మరి ప్రభువు బల్ల ఏది అని. ప్రభు భోజన సంస్కారపు రొట్టె పెట్టడానికి ఏ గుడిలోనైనా ముందు భాగంలో ఒక బల్ల ఉంటుంది కదా. ఇక్కడ ఆ చోట నాలుగు మూరల నేల ఖాళీగా ఉంటుంది. ఆ నేలను రోజూ ఊడ్చి తడిగుడ్డ పెడతారు, దాని మీద ఎవరూ కాలు పెట్టరు. బల్లను ఎవరో ఎత్తుకుపోయారని మాత్రం అనుకోకండి.

గుడి వెలుపల కుడివైపున ఒక పెద్ద నల్లరాతి పలక పడి ఉంది. దానికి ఒక అంచు మాత్రమే చెక్కి ఉంటుంది, మిగతాదంతా మొరటు రాయే. మీ పిల్లలు దాని మీదెక్కి ఆడుకున్నా, మీరు కూర్చుని పులిహోర తిన్నా ఎవరూ కసురుకోరు. ఇక ఈ గుడిలో హుండీ లేదు. దానికి బదులు మెట్ల మొదట్లో సంఘపెద్ద ఒకాయన కుర్చీ వేసుకుని కూర్చుని, ఎక్కేవారిని ఆపి, "మీ చేతికి ఏం వచ్చు?" అని అడుగుతాడు. ఈ మూడు వింతలకూ మూలం ఒకే కథ. తీరిగ్గా కూర్చుని వినండి.

పూర్వం ఇక్కడ గుడీ లేదు, మెట్లూ లేవు. గుట్ట కింద ముప్పై గుడిసెల వడ్డెపాలెం ఉండేది, రాయి కొట్టి బతికేవారి పాలెం. అందులో పల్లపు ఎర్రంకమ్మ అనే ఆమె ఉండేది. బావి తవ్వకంలో భర్త పోతే, అతని సుత్తి తాను పట్టుకుని కూతుర్ని సాకింది. ఆడది రాయి కొట్టడమేమిటని ముక్కున వేలేసుకున్నవాళ్ళే, ఆమె పని చూసి నోరు మూసుకున్నారు. రాయిని వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి, ఎక్కడ కొడితే ఎటు చీలుతుందో చెప్పేసేది. ముఖ్యంగా తిరగళ్ళకు గంట్లు పెట్టడంలో ఆమె చెయ్యే చెయ్యి.

గంట్లంటే ఏమిటో మిక్సీలు వచ్చాక పుట్టిన పిల్లలకు తెలియదు, అందుకని చెబుతున్నాం. విసరగా విసరగా తిరగలి రాళ్ళు అరిగి నున్నబడతాయి. అప్పుడు రెండు రాళ్ళ ముఖాల మీదా ఉలితో సన్నని చారలు మళ్ళీ కొట్టాలి. అవే గంట్లు. గంట్లు లేని తిరగలి గింజను దొర్లిస్తుందే గాని పిండి చెయ్యదు. ఎర్రంకమ్మ గంట్లు పెట్టిన తిరగలిలో పిండి మెత్తగా, వేడెక్కకుండా రాలుతుందని చుట్టుపక్కల ఏడు ఊళ్ళ ఆడవాళ్ళూ ఆమె కోసం కాచుకుని ఉండేవారు.

ఆ రోజుల్లో జక్రయ్యగారనే బోధకుడు కాలినడకన ఊరూరా తిరిగి సువార్త చెప్పేవారు. ఆయన మాట విని ఎర్రంకమ్మ ప్రభువును నమ్ముకుంది. వాగు మడుగులో బాప్తిస్మం పొంది రిబ్కమ్మ అయింది. నమ్ముకుంది గాని ఆమెకు ఒక దిగులు పట్టుకుంది. ఆదివారం కూటంలో ఒకరు పాట ఎత్తుకునేవారు, ఒకరు వాక్యం చదివేవారు, ఒకరు నలుగురి కోసం ప్రార్థించేవారు. రిబ్కమ్మకు చదువు రాదు. పాట పాడితే పక్కనున్నవాళ్ళు దగ్గు వచ్చినట్టు నటించి నవ్వు ఆపుకునేవారు. ప్రార్థన చెయ్యమంటే నాలుక పిడచగట్టుకుపోయేది. దేవుడు అందరికీ ఏదో ఒకటి ఇచ్చాడు, నాకే ఏమీ ఇవ్వలేదు, నాకేమీ రాదు అని లోలోపల కుమిలిపోయేది. సుత్తి చేతిలో పట్టుకునే అలా అనుకునేది, పిచ్చితల్లి.

ఇలా ఉండగా ఆమె కూతురు లేయమ్మకు జ్వరం వచ్చింది. ఏడేళ్ళ పిల్ల, మూడు వారాలు కన్ను తెరవలేదు. గుట్ట మీద గుడి కడదామని సంఘంవారు అనుకుంటున్న కాలమది. రిబ్కమ్మ కూతురి మంచం కోడు పట్టుకుని మొక్కుకుంది. ప్రభువా, నా బిడ్డను నాకు దక్కిస్తే నీ గుడికి ఒంటిరాతి బల్ల చెక్కి ఇస్తాను అంది. ఇరవై ఒకటో రోజున పిల్ల కళ్ళు తెరిచి గంజి అడిగింది.

రిబ్కమ్మ సంతోషానికి పట్టపగ్గాలు లేవు. గుట్టంతా తిరిగి, తట్టి తట్టి చూసి, తునక పడని ఒక నల్లరాయి ఎంచుకుంది. కమ్మరి చేత తొమ్మిది కొత్త ఉలులు చేయించుకుంది. జక్రయ్యగారు ఆ ఉలుల మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేసి, తెల్లని గుడ్డలో చుట్టి ఇచ్చారు. ఇవి ఇక దేవుని సొత్తు, వీటిని మరో పనికి ముట్టకూడదు అన్నారు. రిబ్కమ్మ తల ఊపింది. రోజూ తలస్నానం చేసి గాని ఆ మూట విప్పేది కాదు. క్రిస్మసుకు ముందు ఆదివారం పట్నం నుంచి పెద్ద అయ్యగారు వచ్చి గుడి ప్రతిష్ఠ చేసేటట్టు, అప్పటికి బల్ల సిద్ధమయ్యేటట్టు మాట అయింది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. అంతకు ముందేడు కూడా అంతే. ఏ సంవత్సరమని అడిగితే పెద్దలు తలో మాట చెబుతారు, కరువు మాత్రం అందరికీ ఒకలాగే గుర్తుంది. పాలెంలోని మగవాళ్ళు కాలవ పనులకు వలసపోయారు. కమ్మరి కొలిమి ఆర్పేసి వాళ్ళ వెంటే పోయాడు. లేయమ్మ ఇంకా నడవలేని స్థితిలో ఉంది కనుక రిబ్కమ్మ ఉండిపోయింది. అంటే ఏడు ఊళ్ళలోనూ ఉలి పట్టే చెయ్యి అదొక్కటే మిగిలింది. మొన మొద్దుబారితే కాల్చి సాగగొట్టే దిక్కు కూడా లేదు.

కరువు సాయంగా రేవు నుంచి బండ్ల మీద మొక్కజొన్నలు వచ్చాయి. ఇంటింటికీ కుంచం చొప్పున పంచారు. ఎండి రాయిలా ఉన్న గింజ అది. ఉడకబెడదామంటే పూట పట్టే కట్టెలూ లేవు, అన్ని నీళ్ళూ లేవు. దంచుదామంటే ఆడవాళ్ళకు రోకలి ఎత్తే సత్తువ లేదు. విసురుదామంటే గంట్లు పెట్టేవాళ్ళు లేక తిరగళ్ళన్నీ అద్దాల్లా నున్నబడి ఉన్నాయి. ఉడికీ ఉడకని గింజలు మింగిన పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. ఇంట్లో గింజ ఉండి కూడా జనం మాడిపోయారు, ఎంత ఘోరమో ఆలోచించండి.

చినపల్లె నుంచి గురవమ్మ అనే రైతుబిడ్డ గుట్ట ఎక్కి వచ్చింది. చంకలో ఏడాది ఆడపిల్ల మెడ వేలాడేసి ఉంది. ఆమె ప్రభువును ఎరిగిన మనిషి కాదు, రిబ్కమ్మ చేతిపనిని ఎరిగిన మనిషి. ఒక్క పూట వచ్చి తిరగలికి గంట్లు పెట్టిపొమ్మని కాళ్ళావేళ్ళా పడింది. రిబ్కమ్మ చెయ్యి మూట మీదికి పోయింది. కాని ఉలులు మొక్కుబడివి. వాటిని వంటింటి రాయికి తాకిస్తే ఇచ్చిన మాట తప్పినట్టే. మాట తప్పితే, బతికించిన బిడ్డను దేవుడు మళ్ళీ తీసుకుపోతే? ఆ భయంతో ఆమె తలవంచుకుని, ఇవి దేవుడివమ్మా, నావి కావు అంది. గురవమ్మ బిడ్డను భుజాన మార్చుకుని దిగిపోయింది.

రిబ్కమ్మ ఆ పూట పని చెయ్యలేకపోయింది. రెండు దెబ్బలు కొట్టి ఉలి కింద పెట్టేసింది. మిట్టమధ్యాహ్నం ఆ రాతి నీడలోనే ఒరిగి కన్ను మూసింది. అప్పుడు ఆమెకు ఒక కల వచ్చింది.

కలలో ఎవరిదో వంటిల్లు. ఒక మగమనిషి నేల మీద కూర్చుని తిరగలి విసురుతున్నాడు. మగవాళ్ళు తిరగలి పట్టడం ఆమె ఎన్నడూ చూసి ఎరగదు. ఆయన చెమటలు కక్కుతూ తిప్పుతున్నాడు, గింజలు పోస్తున్నాడు, అవి పోసినవి పోసినట్టే దొర్లి పడిపోతున్నాయి. చుట్టూ పిల్లలు ఖాళీ చిప్పలు పట్టుకుని కూర్చున్నారు. ఆయన తల ఎత్తి చూశాడు.

"అమ్మా, పొద్దుటినుంచి తిప్పుతున్నాను, పిండి రాలడం లేదు. ఈ రాయికి గంట్లు పెట్టిపోవా?"

తిరగలి పిడి పట్టుకున్న ఆయన చేతి వైపు అప్పుడు చూసింది రిబ్కమ్మ. అరచేతి వెనక మేకు దిగిన మచ్చ ఉంది.

ఉలిక్కిపడి లేచింది. ఒళ్ళంతా చెమట. తెల్లగుడ్డ మూట చంకలో పెట్టుకుని, పక్కనే పడుకోబెట్టిన లేయమ్మను వీపున కట్టుకుని, చెప్పులు కూడా మరిచిపోయి గుట్ట దిగింది. సరాసరి చినపల్లె పోయి గురవమ్మ గుమ్మం ముందు నిలబడింది. గురవమ్మ తిరగలి దొర్లించుకొచ్చింది, రిబ్కమ్మ మూట విప్పింది. పొద్దు వాలేలోగా పిండి రాలింది. ఆ పిండి జావ కాచి పోస్తే గురవమ్మ బిడ్డ చప్పరించి మింగింది.

ఇక చూడండి ఆ తల్లి ఉరవడి. మర్నాడు పక్కింటి తిరగలి, ఆ మర్నాడు వెనక వీధి. చినపల్లె అయ్యాక మాలపల్లె, మాదిగపల్లె, రెడ్ల బజారు, కంసాలి వీధి. ప్రభువును ఎరిగినవారా, ఎరగనివారా అని అడగలేదు. గుమ్మంలోకి రానిచ్చిన ఇంట్లో గుమ్మంలో కూర్చుని కొట్టింది, రానివ్వని చోట రాయిని వీధిలోకి తెప్పించుకుని కొట్టింది. రోజుకు నాలుగు తిరగళ్ళు, ఒక్కోసారి అయిదు. ఒక ఉలి అరిగి బొటనవేలంత అయితే ఇంకొకటి తీసేది. ఎక్కడ ఉలి చప్పుడు వినిపిస్తే ఆ ఊళ్ళో ఆ సాయంత్రం పొయ్యి వెలుగుతుందని పిల్లలకు తెలిసిపోయింది.

గుట్ట మీద రాయి ఎలా పడి ఉన్నది అలాగే ఉంది. రిబ్కమ్మ దాన్ని మరిచిపోలేదు. కూతురు తుమ్మినా, పొడిదగ్గు దగ్గినా ఆమె గుండె జారిపోయేది. మొక్కు తప్పుతున్నానని తెలుసు, ఆగలేకపోతున్నానని కూడా తెలుసు. ప్రభువా, కలలో అడిగింది నువ్వే అయితే నా బిడ్డను నువ్వే చూసుకో అనుకుంటూ తర్వాతి రాయి ముందు కూర్చునేది.

కార్తీకం వెళ్ళాక జక్రయ్యగారు పొరుగు తాలూకా తిరిగి వచ్చి, నేరుగా గుట్ట ఎక్కి చూశారు. అంచు తప్ప బల్ల లేదు. ఆయన కోపం నషాళానికి అంటింది. రెడ్ల బజారు నడివీధిలో గంట్లు కొడుతున్న రిబ్కమ్మను పట్టుకుని నలుగురిలో నిలదీశారు. దేవునికి ప్రతిష్ఠించినదాన్ని వంటిళ్ళ పాలు చేశావా, పెద్ద అయ్యగారికి ఏం ముఖం చూపించను అని అడిగారు. రిబ్కమ్మ లేచి నిలబడింది. నలుగురిలో నోరు విప్పని మనిషి ఆ రోజు విప్పింది.

"అయ్యగారూ, పాట వచ్చినోళ్ళు పాడతన్నారు, చదువొచ్చినోళ్ళు చదవతన్నారు. నాకొచ్చింది ఇదొక్కటే. ఆయనే వచ్చి గంట్లు పెట్టమని అడిగాడు. కాదనలేకపోయాను."

జక్రయ్యగారు విసురుగా ఇంటికి వెళ్ళిపోయారు. కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చుంటే, ఆయన భార్య వేడివేడి మొక్కజొన్న రొట్టె వడ్డించింది. నాలుగు నెలలుగా ఆయన రొట్టె మొహం చూడలేదు. ఒక ముక్క నోట్లో పెట్టుకుని, ఈ పిండి ఎక్కడిదని అడిగారు. మన తిరగలిదే, రిబ్కమ్మ మొదటి వారంలోనే వచ్చి గంట్లు పెట్టి వెళ్ళింది, పిల్లలు అందుకే కులాసాగా ఉన్నారు అందామె. మిగతా రొట్టెను ఆయన పక్కకు జరిపారు. సువార్తలో యజమాని ఇచ్చిన సొమ్మును వాడకుండా గుడ్డలో మూటకట్టి దాచిన దాసుడి కథ ఆయన ఎన్ని ఊళ్ళలో చెప్పారో లెక్కలేదు. ఆ ఉలులను గుడ్డలో చుట్టి ఇచ్చింది తన చేతులే కదా. చెయ్యి కడిగేసుకుని, కడవతో నీళ్ళు తీసుకుని మళ్ళీ ఆ నడివీధికే వెళ్ళారు. రిబ్కమ్మ పక్కన కూర్చుని, ఆమె కొట్టిన రాయినల్లా పొడి పోయేలా కడిగి పెట్టారు. ఆ రోజు నుంచి పండుగ దాకా ఆయన పని అదే.

తొమ్మిదో ఉలి చేతికి వచ్చేసరికి ఇంకా రెండు ఊళ్ళు మిగిలాయి. ఒక్క ఉలికి అన్ని రాళ్ళు అసాధ్యం. కాని ఆ ఉలి అరగలేదని పెద్దలు చెబుతారు. ఉన్నది ఉన్నట్టే ఉండి, చివరి ఇంటి చివరి రాయి దాకా వచ్చిందట. ఉలి ఇప్పటికీ గుడిలో అద్దాల పెట్టెలో ఉంది, చూసి మీరే తేల్చుకోండి.

క్రిస్మసుకు ముందు ఆదివారం రానే వచ్చింది. గుట్ట మీద నాలుగు గోడలు లేచాయి, తాటాకు కప్పు పడింది. పట్నం నుంచి పెద్ద అయ్యగారు గుర్రబ్బండిలో వచ్చి, రొట్టె, గిన్నె ఎక్కడ పెట్టాలని అడిగారు. జక్రయ్యగారు ఖాళీ నేల చూపించి, బల్ల కాలేదన్నారు. రిబ్కమ్మ గుడిలోకి రాలేదు. చెక్కని రాయి చాటున, కూతుర్ని ఒడిలో గట్టిగా పొదువుకుని కూర్చుంది. ఇవ్వాళ మొక్కు గడువు, ఈ రోజు గడిస్తే బిడ్డ ఏమవుతుందోనని ఆమె బెంగ. లేయమ్మ మాత్రం తల్లి భుజం మీదుగా కిందికి చూస్తూ ఉంది.

"అమ్మా," అంది, "రాళ్ళు నడిచొస్తన్నాయి."

రిబ్కమ్మ లేచి చూసింది. వాగు అవతలి గట్టు నుంచి గుట్ట మొదలు దాకా ఆడవాళ్ళు బారు తీరి వస్తున్నారు. ఒక్కొక్కరి నెత్తి మీద చుట్టకుదురు, దాని మీద తిరగలి రాయి. మోయలేని ముసలమ్మల రాళ్ళను ఇద్దరేసి పట్టుకొస్తున్నారు. ఏడు ఊళ్ళ వారూ ఉన్నారు. ముందు నడుస్తున్నది గురవమ్మ. ఆమె చంకలో బిడ్డ మెడ నిలబెట్టి అటూ ఇటూ చూస్తోంది. బల్ల లేక రిబ్కమ్మ మాట పోతుందని విన్నది మొదలు గురవమ్మ ఊరూరా తిరిగి, ఇల్లిల్లూ తట్టి, ఆ ఆడవాళ్ళందరినీ కూడగట్టింది.

గురవమ్మ గుట్ట పైకి వచ్చి, నెత్తి మీద రాయి దించకుండానే అంది.

"అక్కా, నీ బల్ల తెచ్చాం. నువ్వు చెక్కిందే. ముక్కలు ముక్కలుగా మా ఇళ్ళల్లో ఉండిపోయింది."

రిబ్కమ్మ బావురుమంది. నెలల తరబడి బిగబట్టుకున్నదంతా ఆ ఒక్క ఏడుపులో పోయింది.

ఆడవాళ్ళు గుడిలోకి వెళ్ళి రాయి మీద రాయి పేర్చారు. రెడ్ల బజారు రాయి మీద మాదిగపల్లె రాయి పడింది, దాని మీద కంసాలివారిది, దాని మీద జక్రయ్యగారిది. ఎవరి రాయి ఎవరి రాయి మీద ఉందో ఆ రోజు ఎవరూ పట్టించుకోలేదు. నడుమెత్తు బల్ల లేచింది. గురవమ్మ తిరగలిని విడిగా ఉంచి, దాని మీద అక్కడికక్కడే మొక్కజొన్నలు విసిరి, రొట్టె కాల్చారు. పెద్ద అయ్యగారు పట్నం నుంచి తెచ్చిన గోధుమరొట్టెను సంచిలోనే ఉంచేసి, ఆ మొక్కజొన్న రొట్టెనే ఎత్తి ఆశీర్వదించారు. ఆ తర్వాత రిబ్కమ్మను ముందుకు పిలిచి పాట ఎత్తుకోమన్నారు. ఆమె పాడింది. ఎంత అపస్వరంగా పాడిందో ఇప్పటికీ మురిపెంగా చెప్పుకుంటారు. ఎవరికీ దగ్గు రాలేదు, గుట్టంతా ఆమెతో గొంతు కలిపింది.

ఆరాధన ముగిశాక, ఈ రాళ్ళను ఇలాగే ఉంచేద్దామని కొందరు అన్నారు. రిబ్కమ్మ ఒప్పుకోలేదు. పొద్దున్నే పిల్లలకు పిండి కావాలి, ఎవరి రాయి వాళ్ళు తీసుకుపొండి అని గురవమ్మ రాయిని తానే ఎత్తి ఆమె నెత్తిన పెట్టింది. అలా ఆ సాయంత్రం బల్ల గుట్ట దిగిపోయింది. తర్వాతి ఏడు వానలు పడ్డాయి. లేయమ్మ ఎనభై ఏళ్ళు బతికి మునిమనుమల పెళ్ళిళ్ళు చూసింది.

ఆ ఆచారం నేటికీ తప్పలేదు. ఏటా క్రిస్మసుకు ముందు ఆదివారం ఏడు ఊళ్ళ ఆడవాళ్ళు తిరగళ్ళు మోసుకొచ్చి బల్ల పేరుస్తారు, మొక్కజొన్న రొట్టెతో సంస్కారం జరుగుతుంది. ఇంట్లో మిక్సీ ఉన్నా ఈ ఒక్క రోజు కోసం తిరగలిని అటక మీద భద్రంగా దాచుకున్నవారు ఎందరో. బయటి రాయిని పూర్తిగా చెక్కించి, పాలరాతి పీఠం కూడా వేయిస్తామని ఒక ధనవంతుడు ముందుకు వస్తే, సంఘపెద్దలు దండం పెట్టి వద్దన్నారు.

ముందు రోజు శనివారం చేతుల కానుక. మంగలివారు క్షవరం చేస్తారు, దర్జీలు చిరుగులు కుడతారు, మెకానిక్కులు సైకిళ్ళు, మోటార్లు బాగుచేస్తారు, డాక్టర్లు నాడి చూస్తారు, చదువుకున్నవారు పింఛను అర్జీలు రాసిపెడతారు. ఎవరూ పైసా పుచ్చుకోరు. కిందటేడు ఒక కరెంటు పనివాడు ముగ్గురు వితంతువుల ఇళ్ళకు దీపాలు పెట్టి, మొక్కు తీరిందని చిందులేస్తూ మెట్లు ఎక్కాడు. ఇక్కడ చేతిపని ఇచ్చి వెళ్ళినవారి చేతికి ఏడాదంతా పని కొరత ఉండదని, జబ్బు బిడ్డలు తేరుకుంటారని ఈ ప్రాంతం వారి నమ్మకం.

కనుక యాత్రికులారా, మెట్ల దగ్గర సంఘపెద్ద మీ చేతికి ఏం వచ్చని అడిగినప్పుడు తడబడకండి. నాకేమీ రాదని చెప్పి తప్పించుకోవాలని అస్సలు చూడకండి. అలా అన్నవారి కోసం రిబ్కమ్మ పేరున పది తిరగళ్ళు, పది బస్తాల మొక్కజొన్నలు అక్కడ సిద్ధంగా ఉంటాయి. పిడి చేతికిచ్చి కూర్చోబెడతారు. చాలామంది సాయంత్రం దాకా లేవరు.

పండుగ కాని రోజున వచ్చి ఖాళీ నేల చూసినవారు చిన్నబుచ్చుకోవద్దు. మోకరించండి, ప్రార్థించండి, ధైర్యంగా దిగి వెళ్ళండి. మీరు చూడాలని వచ్చిన బల్ల ఏడు ఊళ్ళ ఇళ్ళల్లో క్షేమంగా ఉంది.